దాదర్‌లో రైలెక్కే నాటకం

కామాఠిపుర గల్లీల నుంచి నాయ్‌గావ్ చాళ్ల దాకా ముంబయి తెలుగువాళ్లు నాటకశాలల పక్కనే తరాలు గడిపారు. అయినా ఈ మహానగరంలో తెలుగు నాటకానికి నేటికీ ఒక దారంటూ పడలేదు. ఒంటరిగా ఆడే కళాకారులు ఆ దారి వేయగలరు. భివండీ, పుణె, సోలాపూర్, హైదరాబాద్‌లను కలిపే ఆ ప్రయాణం దాదర్‌లోనే మొదలుకావాలి.

ముంబయి లోకల్ రైళ్ల రెండు పెద్ద దారులు, పశ్చిమ రైల్వే, మధ్య రైల్వే, దాదర్‌లో కలుస్తాయి. స్టేషన్‌కు పడమట దిగితే పూల మార్కెట్టు, దాని దగ్గర్లోనే ఛబిల్‌దాస్ బడి, ఇంకాస్త నడిస్తే శివాజీ మందిర్. ఉత్తరాన మాటుంగాలో యశ్వంత్ నాట్యమందిర్, దక్షిణాన ప్రభాదేవిలో రవీంద్ర నాట్యమందిర్. మరాఠీ నాటకం ఇంత చిక్కగా అల్లుకున్న పేట మరొకటి లేదు. ఆదివారం వస్తే ఇక్కడివాళ్లు ఇంటిల్లిపాదీ టికెట్ కొనుక్కుని నాటకానికి వెళ్తారు. మరాఠీ పత్రికల్లో నాటకాల ప్రకటనలు ఇప్పటికీ సినిమా ప్రకటనలకు దీటుగా పడతాయి.

ఈ పేటలోనే తెలుగువాళ్లూ ఉన్నారు. బాంబే ఆంధ్ర మహాసభ దాదర్ తూర్పున ఉంది. నాయ్‌గావ్, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా బతికాయి. కామాఠిపురలోనైతే తెలుగువాళ్ల ఉనికి రెండు వందల ఏళ్ల పైమాటే. బతుకమ్మ ఆడుతారు, బోనాలు ఎత్తుతారు, గణపతిని నిలబెడతారు. కానీ ఒక తెలుగు నాటకం చూడాలనిపిస్తే హైదరాబాద్ నుంచో తెనాలి నుంచో ఎవరైనా వచ్చేదాకా ఎదురుచూడాలి. పది, పదిహేను మంది సమాజం రావాలంటే అంతమందికీ రైలు బెర్తులు, బస, భోజనం, హాలు అద్దె చూడాలి. అంత బరువు ఎవరు మోస్తారు?

అందుకే నేను ఒంటరి కళాకారుల వైపు చూస్తున్నాను. ఒక్కరే నటులు, భుజాన ఒక సంచి, ఒక రైలు టికెట్. చెదిరిపోయిన జనానికి నాటకాన్ని చేర్చడానికి ఇంతకంటే తేలికైన, బలమైన మార్గం లేదని ఈ నగర చరిత్రే చెబుతోంది.

గ్రాంట్ రోడ్డుకు కూతవేటు దూరంలో

కామాఠిపుర అంటే పద్నాలుగు గల్లీలు. పద్దెనిమిదో శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు పోటు ఆగాక ఇక్కడి పల్లపు నేలలు ఒక్కొక్కటిగా పూడ్చారు. నైజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు ఆ నేల మీద ఇళ్లు వేసుకున్నారు. బొంబాయి రోడ్లు, మేడలు లేపిన చేతుల్లో వాళ్ల చేతులున్నాయి. బయటి లోకం ఈ పేటను పడుపు వ్యాపారం ఒక్కదానితోనే గుర్తుపెట్టుకుంది. ఆ పేరు కింద ఇంత కష్టజీవుల చరిత్ర నలిగిపోవడం ఇక్కడి తెలుగువాళ్ల గుండెల్లో ఇప్పటికీ మానని గాయం.

ఈ గల్లీలకు కూతవేటు దూరంలో, గ్రాంట్ రోడ్డులో, జగన్నాథ్ శంకర్‌శేఠ్ ఇచ్చిన స్థలంలో 1846లో ఒక నాటకశాల లేచింది. 1853లో సాంగ్లీ నుంచి విష్ణుదాస్ భావే బృందం వచ్చి అక్కడ మరాఠీ నాటకం ఆడింది. అదే ఏడాది పార్శీ యువకుల బృందం కూడా ఆ వేదికెక్కింది. తర్వాతి దశాబ్దాల్లో విక్టోరియా, ఎల్ఫిన్‌స్టన్, ఆల్ఫ్రెడ్ లాంటి పార్శీ కంపెనీలు ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగాయి. భారతదేశపు ఆధునిక సంచార నాటకరంగానికి పుట్టిల్లనదగ్గ వీధి పక్కనే మన మేస్త్రీలు కాపురం ఉన్నారు.

రైలుమార్గాలు పడేకొద్దీ ఆ కంపెనీలు తెరలు, పెట్టెలు సర్దుకుని దేశం మీదికి బయల్దేరాయి. ఆ గాలి తెలుగునాటికీ వచ్చింది. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రిలో ఆడి వెళ్లాక, వాళ్లు వేసి వదిలిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన శిష్యులతో తెలుగు నాటకాలు ఆడించారు. బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి తెలుగు ప్రేక్షకుల కోసం ముప్పైకి పైగా హిందుస్తానీ నాటకాలు రాశారు. బయటినుంచి వచ్చిన ఆట చూసి మనవాళ్లు సొంత ఆట కట్టుకున్నారు. సంచార నాటకం చేసే అసలు మేలు ఇదే. ఒక రాత్రి ఆడి వెళ్లిపోయినా, ఆ ఊళ్లో ఆడాలన్న ఆశను వదిలి వెళ్తుంది.

సురభి బొంబాయి వచ్చిన వేళ

సురభి కుటుంబాల పూర్వీకులు మరాఠా ప్రాంతం నుంచి దక్షిణానికి దిగిన తోలుబొమ్మలాట కళాకారులు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు, ఆయన కుటుంబం ‘కీచకవధ’తో రంగస్థలం ఎక్కారు. అక్కడి నుంచి ఆ కుటుంబం కొమ్మలేసి, ఒక దశలో ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించి, ఊరూరా డేరాలు వేసి ఆడింది. మహారాష్ట్ర నుంచి తెలుగునాటికి నడిచొచ్చిన ఆ కళ 1931లో రైలెక్కి వెనక్కి, బొంబాయికి వచ్చింది.

ఆ ఏడాది అర్దెషీర్ ఇరానీ ‘ఆలం ఆరా’తో తెర మీద మాట వినిపించారు. వెంటనే తెలుగులోనూ మాటల సినిమా తీయాలనుకున్నప్పుడు దర్శకుడు హెచ్.ఎం. రెడ్డికి కావలసింది గొంతున్న నటులు. ఆ గొంతులు నాటకరంగంలోనే ఉన్నాయి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా ‘భక్త ప్రహ్లాద’ బొంబాయిలోనే తయారైంది. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సురభి కమలాబాయి లీలావతి. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా మొదట బొంబాయిలోనే విడుదలైంది. తెలుగు టాకీకి తొలి చప్పట్లు కొట్టినవాళ్లు ఈ నగరంలోని తెలుగువాళ్లే అయి ఉంటారన్న ఆలోచన ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరింపజేస్తుంది.

కమలాబాయి కథను ఏ ఒంటరి నటి అయినా వేదిక మీద చెప్పవచ్చు. తల్లి నాటకంలో వేషం కట్టి ఉండగానే నొప్పులొచ్చి ఆమెను కన్నదని సురభివాళ్లు చెప్పుకుంటారు. డేరాల్లో పెరిగిన ఆ అమ్మాయి సినిమా కోసం బొంబాయి వచ్చి, కొన్నేళ్లు ఇక్కడే ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. పరాయి భాష, పరాయి నగరం, వెంట తెచ్చుకున్నది నేర్చుకున్న కళ ఒక్కటే. స్వతంత్రంగా తిరిగే ఈనాటి నటీమణులకు ఆమె సొంత అక్కలాంటిది.

‘ఆలం ఆరా’లోనూ ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేసిన ఏలూరు ప్రాంతపు యువకుడు ఎల్.వి. ప్రసాద్ తర్వాత ఇక్కడే పృథ్వీ థియేటర్స్ నాటకాల్లో నటించారు. 1944 నుంచి 1960 దాకా పృథ్వీరాజ్ కపూర్ ఆ సంస్థతో దేశమంతా తిరిగి 2,662 ప్రదర్శనలు ఇచ్చారు. ఆట ముగిశాక ఆయన స్వయంగా గుమ్మం దగ్గర జోలె పట్టుకుని నిలబడేవారు. ప్రేక్షకుల ముందు చేయి చాచడం నామోషీ అని ఆయన అనుకోలేదు. ఈ సంగతి తెలుగు నాటక కళాకారులంతా గుర్తుంచుకోవాలి.

చాళ్ల వాకిట్లో

1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన బీడీడీ చాళ్లు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివ్‌డీలలో కలిపి 207. ఒక్కో చాలులో 80 ఖోలీలు (గదులు), ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. లోపల ఊపిరాడదు కాబట్టి జనం వరండాలోనూ వాకిట్లోనూ బతికారు. పెళ్లి, పండుగ, పంచాయితీ, ఆట, పాట అన్నీ ఆ వాకిట్లోనే.

మనుషులు వలసపోతే వాళ్లను నమ్ముకున్న కళాకారులూ వెంట వెళ్లారు. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కళాబృందం ఉంది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేది కూనపులివాళ్లు. నకాషీలు గీసిన పొడవాటి పటం విప్పి, బొమ్మ బొమ్మ చూపిస్తూ రాత్రంతా కథ నడుపుతారు. ఒగ్గు కళాకారులు బీరప్ప, మల్లన్న, ఎల్లమ్మ కథలతో భివండీ, సోలాపూర్, బొంబాయి దాకా వచ్చిపోవడం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న చుక్క సత్తయ్య జీవితమంతా తిరుగుతూనే గడిపారు. పన్నెండు వేలకు పైగా కథలు చెప్పారని అంటారు. డోళ్లు, తాళాలు వెనక మోగుతుంటే ఆయన ఒక్కరే రాజయ్యేవారు, రాణయ్యేవారు, శోకమయ్యేవారు. భుజం మీది గుడ్డ తలకెక్కితే ఒక పాత్ర, నడుముకు చుడితే ఇంకో పాత్ర.

కోస్తాలో ఇదే శక్తిని హరికథలో చూస్తాం. 1883లో మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి కథాగానం విన్న అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు, అప్పటికి పందొమ్మిదేళ్లయినా నిండని యువకుడు, తానే కథ కట్టి కాలికి గజ్జె కట్టారు. అక్కడి నుంచి ఊళ్లు, సంస్థానాలు, నగరాలు తిరుగుతూ హరికథకు పితామహుడయ్యారు. పాడేదీ ఆడేదీ వ్యాఖ్యానించేదీ ఆయనే. ఒంటరి నటన మనకు పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త మోజు కాదని చెప్పడానికి ఈ ఒక్క జీవితం చాలు.

1943 మే 25న భారత ప్రజా నాటక సంఘం ఇప్టా పుట్టింది కూడా బొంబాయిలోనే. దాని తెలుగు శాఖ ప్రజానాట్యమండలి డాక్టర్ గరికపాటి రాజారావు నాయకత్వంలో, షేక్ నాజర్ బుర్రకథతో తెలుగునేలను కదిలించింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మా భూమి’ని పదుల కొద్దీ దళాలు ఊరూరా ఆడాయి. చివరికి ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. ఆ దళాలకు హాళ్లు లేవు. కళ్లాలు, సంతలు, బడి వాకిళ్లే వేదికలు. పెట్రోమాక్స్ దీపం వెలుగు పడినంత మేరా నాటకశాలే.

దాదర్ నేర్పిన పాఠం

1974లో దాదర్‌లోని ఛబిల్‌దాస్ బడిలో ఒక హాలు సాయంత్రాల్లో నాటకశాల అయింది. అరవింద్ దేశ్‌పాండే, సులభా దేశ్‌పాండే తదితరుల ‘ఆవిష్కార్’ సంస్థ దాన్ని నడిపింది. కొత్త రచయితలు, కొత్త నటులు ఆ బడి హాల్లో తేలారు. పెద్ద సెట్లు లేవు, గట్టి ఆదాయం లేదు. ప్రయోగం చేయాలనుకున్నవాళ్లకు చోటు దొరికింది, అంతే. ఆ చిన్న హాలు మరాఠీ నాటకం నడకను మార్చింది. చరిత్రలో అది ఛబిల్‌దాస్ ఉద్యమంగానే నిలిచిపోయింది.

ఒంటరి నటనలో మరాఠీవాళ్లు సాధించింది ఇంకా పెద్దది. పు.ల. దేశ్‌పాండే ‘బటాట్యాచీ చాళ్’ పేరుతో ఒక చాలు బతుకంతా ఒక్కరే వేదిక మీద నిలబెట్టారు. ఔరంగాబాద్ అధ్యాపకుడు లక్ష్మణ్ దేశ్‌పాండే 1979లో మొదలుపెట్టిన ‘వర్హాడ్ నిఘాలయ్ లండన్‌లా’లో ఒక పల్లెటూరి పెళ్లిబృందం లండన్‌కు బయల్దేరుతుంది. ఆయన ఒక్కరే 52 పాత్రలు ఆడారు. ఆ నాటకాన్ని మోసుకుని మూడు దశాబ్దాల పాటు ఊళ్లు తిరిగారు.

నా మనసును బాగా పట్టుకున్నది మాత్రం సుషమా దేశ్‌పాండే ప్రయోగం. 1989లో ‘వ్హయ్, మీ సావిత్రీబాయి’ అనే ఏకపాత్ర నాటకం ఆమే రాసి, ఆమే ఆడారు. సావిత్రీబాయి ఫూలే తన కథ తానే చెప్పుకున్నట్టు సాగే ఆ నాటకాన్ని నగరాల హాళ్లలో ఆడినట్టే పల్లెల్లోనూ ఆడారు. పొలం పని ముగించుకొచ్చిన ఆడవాళ్ల ముందు, వాళ్లంత దగ్గరగా కూర్చుని ఆడే నాటకం అది. ఒక చీర, ఒక మనిషి, ఒక మాట. అంతే కావాలి దానికి.

ఇందులో మనకు రావలసిన వాటా ఉంది. 1873లో పుణెలో పుట్టిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ముందువరసలో ఉన్నారు. వ్యంకు బాళూజీ కాళేవార్, జాయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటివాళ్లు జోతీరావు ఫూలేకు అండగా నిలిచారు. ఫూలే కూడా 1855లోనే ‘తృతీయ రత్న’ అనే నాటకం రాసిన మనిషి. నాయ్‌గావ్‌లోనూ వర్లీలోనూ పెరిగే తెలుగు పిల్లలకు ఈ పేర్లు ఎవరు చెప్పారు? కామాఠిపుర మేస్త్రీ ఒకరు వేదిక మీదికొచ్చి, ఫూలేతో తన స్నేహాన్ని తానే చెప్పుకుంటే ఆ నాటకం తెలుగువాళ్లకూ మరాఠీవాళ్లకూ సమానంగా సొంతమవుతుంది. అలాంటి నాటకం రాకపోవడం నన్ను నిజంగా బాధపెడుతోంది.

సంచి సర్దుకున్నాక

ఒంటరి నటుల ప్రయాణం చూడ్డానికి తేలిక, నడపడానికి కష్టం. తోడు నటుడు మాట అందించడు. గొంతు బొంగురుపోతే మార్చడానికి మనిషి లేడు. గంటన్నర సేపు జనం కళ్లన్నీ ఒక్కరి మీదే. దిగిన ఊళ్లో వేదిక ఎత్తెంత, దీపం ఎక్కడుంది, మైకు ఎలా ఉంది, వెనక బట్టలు మార్చుకోవడానికి చోటుందా అన్నది ఆ పూటే చూసుకోవాలి. నటి అయితే రాత్రి రైలు ఏ వేళకు దిగుతుంది, స్టేషన్‌కు ఎవరొస్తారు అన్నది కూడా నాటకంలో భాగమే. ఆంధ్రలో పరిషత్తు నాటికల కాలంలో వేర్వేరు సమాజాల్లో వేషాలు వేస్తూ రాత్రి బస్సుల్లో ఊరి నుంచి ఊరికి తిరిగే నటీమణులకు ఈ కష్టం బాగా తెలుసు. తెలుగు నాటకం ఇంకా ఊపిరి పీలుస్తోందంటే అందులో వాళ్ల నిద్రలేని రాత్రుల పాలు ఎంతో ఉంది.

మహారాష్ట్రలో బహిరంగంగా నాటకం ఆడాలంటే ముందుగా స్క్రిప్టును రంగభూమి ప్రయోగ పరినిరీక్షణ మండలికి పంపి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఈ ముందస్తు పరిశీలనను సవాలు చేస్తూ నటుడు అమోల్ పాలేకర్ 2016లో బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. బయటి రాష్ట్రం నుంచి వచ్చే తెలుగు కళాకారులకు ఈ విషయం ముందే తెలియాలి. స్థానిక సంఘాలు ఆ కాగితం పని నెత్తినేసుకుంటే సగం భారం తీరినట్టే.

ఉత్సవాల సంగతికొస్తే, తెనాలిలో 1929లో మొదలైన ఆంధ్ర నాటక కళాపరిషత్తు నుంచి మన సంప్రదాయం పోటీలదే. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నుంచి నంది నాటకోత్సవాలూ ఆ బాటలోనే సాగాయి. పోటీ మంచి నటులను తయారు చేసింది. కానీ ఏకపాత్రాభినయం అనగానే పది నిమిషాల పౌరాణిక ఘట్టమో సినిమా సంభాషణో అన్న అలవాటు కూడా పడింది. నిండైన గంటన్నర కథతో ఒక్కరే నిలబడే నాటకానికి మన పరిషత్తుల్లో చోటు పెరగాలి. ఇటు ముంబయిలో జుహూలోని పృథ్వీ థియేటర్ 1978 నుంచి రెండు వందల సీట్ల చిన్న శాలతో నాటకాన్ని నిలబెట్టుకొస్తోంది. కాలాఘోడా కళోత్సవం 1999 నుంచి ఫిబ్రవరిలో జరుగుతోంది. ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నడిపే భారత రంగ మహోత్సవ్ కూడా 1999లోనే మొదలైంది. ఈ వేదికల మీద తెలుగు వినిపించడం అరుదు. తలుపు తట్టేవాళ్లు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

ఉత్సవాలకన్నా నాకు ముఖ్యమనిపించేది చుట్టుపక్కల నగరాలు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లులు మళ్లీ మునుపటిలా తెరుచుకోలేదు. మగ్గం పని తెలిసిన తెలుగు కుటుంబాలెన్నో భివండీ సాంచాల (మరమగ్గాల) వైపు మళ్లాయి, ఇంకొందరు సిరిసిల్ల దారి పట్టారు. సోలాపూర్‌లో దుప్పట్లు, తువ్వాళ్లు నేసిన చేతులు, బీడీలు చుట్టిన ఆడవాళ్ల వేళ్లు చాలావరకు తెలుగువాళ్లవే. ఆ సమ్మె, ఆ వలస, సాంచాల మోత మధ్య పెరిగిన బాల్యం, ఇవన్నీ నాటకాలుగా రాయదగ్గ జీవితాలు. కథలున్నచోటే ప్రేక్షకులూ ఉన్నారు. ఒంటరి నటుడు వాళ్ల వాకిలికి వెళ్తే చాలు.

వాకిలి పోతోంది

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. బీడీడీ చాళ్లు కూలుతున్నాయి, ఆ చోట ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయి. 160 చదరపు అడుగుల ఖోలీలో నాలుగు తరాలు ఇరుక్కున్న కుటుంబానికి 500 చదరపు అడుగుల ఫ్లాటు రావడం న్యాయం. దానికి సంతోషించని మనసు ఉండదు. కామాఠిపుర పాత ఇళ్లకూ మార్పు రావాల్సిందే. పరేల్‌లో 1922లో పుట్టి, మిల్లు కార్మికుల నాటకాలకు నెలవైన దామోదర్ హాలును కూడా కొత్తగా కట్టడం కోసం మూసేశారు.

కానీ చాలు పోయినప్పుడు వాకిలీ పోతుంది. ముప్పై అంతస్తుల మేడలో పటం కథ ఎక్కడ విప్పాలి? ఒగ్గు డోలు ఏ లిఫ్టు పక్కన మోగాలి? కొత్త భవనాల్లో పార్కింగ్‌కు లెక్కుంది, వ్యాయామశాలకు లెక్కుంది. ఆటపాటలకు ఒక పెద్ద గది, అందులో ఒక చిన్న అరుగు, రెండు దీపాలు అడగడం అత్యాశ కాదు. ఇళ్ల పంపకాల సభల్లో మన సంఘాలు ఈ మాట గట్టిగా పెట్టాలి. అడగాల్సిన సమయం గోడలు లేవకముందే.

రెండోది భాష. ఇక్కడ పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లిష్, స్నేహితులతో హిందీ మాట్లాడతారు. చాలామందికి తెలుగు చదవడం రాదు. పుస్తకం వాళ్లను చేరదు. నాటకం చేరుతుంది, ఎందుకంటే అది చెవికీ కంటికీ సంబంధించినది. ఒంటరి నటుడికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాలు చూసి, ఒక పాత్ర చేత తెలుగు, ఇంకో పాత్ర చేత మరాఠీ మాట్లాడించగలడు. అమ్మమ్మ తెలుగులో తిడుతుంది, మనవడు మరాఠీలో జవాబిస్తాడు. చాళ్లలో రోజూ జరిగేది అదే. తమ ఇంటి మాట వేదిక మీద విన్న పిల్లవాడికి ఆ భాష తనదేనని తెలుస్తుంది.

మన వంతు

మన సభల్లో కళాకారులకు శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం, జ్ఞాపిక ఇస్తాం. ఫొటో దిగుతాం. ఆ తర్వాత వాళ్లు రైలు ఛార్జీ తమ జేబులోంచే పెట్టుకుని ఊరికి వెళ్తారు. ఈ పద్ధతి మారాలి. పాతకాలపు నాటకాల కంట్రాక్టర్లు సైతం నటుడు బయల్దేరకముందే అచ్చారం పంపేవారు. శాలువాకు పెట్టే డబ్బు పారితోషికంలో కలపండి. రానుపోను టికెట్టు ముందే కొనిపెట్టండి. ఆట ముగిశాక గుమ్మం దగ్గర జోలె పట్టండి. తమ చేత్తో ఎంతో కొంత వేసినవాళ్లకు ఆ నాటకం సొంతమవుతుంది.

ఐదు ఊళ్లు చేతులు కలిపితే దారి పడుతుంది. దాదర్‌లో శనివారం, భివండీలో ఆదివారం, మధ్యలో పుణె, ఆపై సోలాపూర్, చివర హైదరాబాద్. ఒక్క ఆట కోసం కళాకారులను రప్పిస్తే ఖర్చు మోయలేం. వరుసగా ఐదు ఆటలుంటే అదే ఖర్చు ఐదు సంఘాలకు పంచుకోవచ్చు. పూర్వం సురభి డేరాలు బతికింది ఈ లెక్క మీదే. ఊరు మారేకొద్దీ నాటకం కూడా పదునెక్కుతుంది. దాదర్‌లో నవ్వినచోట సోలాపూర్‌లో కన్నీళ్లు రావచ్చు. అది చూసి నటి తన మాటను మార్చుకుంటుంది. ఒక్క ఊళ్లోనే ఉండిపోయిన నాటకానికి ఈ భాగ్యం దక్కదు.

రాసేవాళ్లకూ ఒక విన్నపం. పౌరాణికాలు, సంస్కరణ నాటకాలు మనకు పుష్కలంగా ఉన్నాయి. ముంబయి తెలుగువాళ్ల నాటకం మాత్రం ఇంకా రావాలి. ఫూలే పక్కన నిలబడ్డ కాంట్రాక్టరు, బొంబాయిలో కెమెరా ముందు నిలబడ్డ కమలాబాయి, సమ్మెలో మిల్లు పోగొట్టుకుని సాంచె పట్టిన పద్మశాలి, పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చి పునాదులు తవ్విన కూలీ, బీడీల గంపతో ఇల్లు గడిపిన సోలాపూర్ తల్లి. ఒక్కొక్కరూ ఒక్కో నాటకానికి సరిపడా మనుషులే. వీళ్లను మోయడానికి ఒక్క నటుడి ఒళ్లు చాలు, ఒక్క సంచి చాలు.

ఛబిల్‌దాస్ ఉద్యమం మొదలైంది ఒక బడి ఖాళీ హాలుతో. మన దగ్గర సభాభవనాలున్నాయి, పండుగ పందిళ్లున్నాయి, సాయంత్రాలు ఖాళీగా ఉండే బళ్లున్నాయి. రాబోయే బతుకమ్మకో, గణపతి నవరాత్రులకో ఏదో ఒక చాలు, ఏదో ఒక సంఘం ఒక సాయంత్రాన్ని ఒంటరి కళాకారిణికి ఇచ్చి, ఆమె ఛార్జీ, పారితోషికం ముందుగా పంపితే చాలు. రెండో ఊరు ఆమెను అడుగుతుంది, మూడో ఊరు ఆ రెండో ఊరిని చూసి అడుగుతుంది. తెలుగు నాటకం పుట్టిన రోజుల్లోనూ ఊరి నుంచి ఊరికి ఇలాగే పాకింది.

ఈ దారిలో ఊళ్లు

దాదర్: మధ్య, పశ్చిమ రైల్వేలు రెండూ కలిసేచోటు కాబట్టి కామాఠిపుర, వర్లీ, ధారావి, చెంబూరు వాళ్లందరికీ రావడం వీలు. ఆట రాత్రి ముగిసినా ఇల్లు చేరే లోకల్ దొరుకుతుంది.

భివండీ: ఠాణే లేదా కల్యాణ్ దాకా లోకల్, అక్కడి నుంచి బస్సు. సాంచాల కార్మికులకు షిఫ్టులుంటాయి. వాళ్లకు సెలవున్న పూట చూసి ఆట పెట్టుకోవాలి.

పుణె: మరాఠీ ప్రయోగాత్మక నాటకానికి గట్టి ప్రేక్షకులున్న నగరం. తెలుగు, మరాఠీ కలిపి ఆడే నాటకానికి తగిన పరీక్ష ఇక్కడే.

సోలాపూర్: రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దిగొచ్చు. తెలుగు జనసాంద్రత ఎక్కువ. హుతాత్మా స్మృతి మందిర్ లాంటి రంగశాల ఉంది. శ్రావణ పౌర్ణమికి పద్మశాలీల మార్కండేయ రథోత్సవం జరిగే ఊరు.

హైదరాబాద్: హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ముంబయి నుంచి పుణె, సోలాపూర్ మీదుగానే వెళ్తుంది. రవీంద్రభారతి పెద్ద సభలకు, బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ చిన్న ప్రయోగాలకు అనువు.